దీవులు నేర్పిన టీకా పాఠం

2021 డిసెంబరు 19న అండమాన్ నికోబార్ దీవుల పాలనా యంత్రాంగం ఒక ప్రకటన చేసింది. పద్ధెనిమిదేళ్లు నిండి, అర్హులైన వారందరికీ కోవిడ్ టీకా రెండు మోతాదులూ వేయడం పూర్తయిందన్నది దాని సారాంశం. ఈ పని అంతా కోవిషీల్డ్ టీకాతోనే జరిగింది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 800 కిలోమీటర్ల మేర చెదిరి ఉన్న దీవులు, దిబ్బలు, బండలు అన్నీ కలిపి 836. వాటిలో జనం నివసించేవి ముప్పై పైచిలుకు. టీకా మందును 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉంచుతూ, సముద్రం దాటించి, అడవి దారుల వెంట ప్రతి ఊరికీ చేర్చాలి. అది ఎంత శ్రమతో కూడిన పనో మీరే ఊహించండి.

అయితే నెల తిరగకముందే ఒమిక్రాన్ రకం వైరస్ ఆ దీవులను కూడా తాకింది. రెండు మోతాదులు వేసుకున్నవారికే మళ్లీ జ్వరం, దగ్గు, పరీక్ష చేస్తే పాజిటివ్! "అందరికీ టీకా వేశారు గదా, మరి జబ్బు ఎందుకు వచ్చింది?" అని దేశమంతటా జనం అడిగిన ప్రశ్న అక్కడ మరింత సూటిగా ఎదురైంది.

ఇప్పుడు ఈ అంకెలు చూడండి. 2021 ఆగస్టు నాటికి ఆ దీవుల్లో నమోదైన కేసులు 7,500 పైచిలుకు, మరణాలు 129. మహమ్మారి సద్దుమణిగేసరికి కేసులు 10,700 దాటాయి. మరణాల సంఖ్య మాత్రం 129 దగ్గరే ఆగిపోయింది. అంటే, తరువాత మూడు వేలకు పైగా కేసులు వచ్చినా ఆ లెక్కలో కొత్తగా ఒక్క మరణం కూడా చేరలేదు.

మరి టీకా ఓడినట్టా, గెలిచినట్టా? దీనికి జవాబు చెప్పాలంటే అసలు "టీకా రక్షణ" అనే మాటకు అర్థం ఏమిటో ముందు తేల్చుకోవాలి. అందుకు మనకు సాయపడేది దీవుల చరిత్రే. చుట్టూ నీరు ఉన్నచోట రోగం ఎప్పుడు వచ్చిందో, ఎవరితో వచ్చిందో, ఎవరిని వదిలేసిందో లెక్క తేల్చడం తేలిక. ఈ దీవులు మనకు పరాయివేమీ కావు. విశాఖపట్నం నుంచి ఓడ ఎక్కి వెళ్లి స్థిరపడిన తెలుగువారు అక్కడ ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు.

1877: తట్టు వచ్చిన సంవత్సరం

1858 మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. 1857 తిరుగుబాటులో శిక్ష పడిన వారి కోసం బ్రిటిష్ ప్రభుత్వం నెలకొల్పిన ప్రవాస శిక్షా స్థావరం అది. (ఈ పట్టణం పేరును 2024లో శ్రీవిజయపురంగా మార్చారు.) అప్పటికి గ్రేట్ అండమాన్‌లో పది తెగలకు చెందిన ఆదివాసులు నివసించేవారు. వారి సంఖ్య సుమారు అయిదు వేలని ఒక అంచనా. వేల ఏళ్లుగా బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేకుండా బతికిన జనం వారు.

1863లో రాస్ దీవిలో వారి కోసం "అండమాన్ హోమ్" అనే ఆశ్రమం వెలిసింది. ఉద్దేశం ఏదైనా, ఆదివాసులు, ఖైదీలు, సైనికులు, ఓడల మీద వచ్చిపోయే జనం ఒకే చోట కలుసుకోసాగారు. మనుషులు కలిసిన చోట సూక్ష్మజీవులూ కలుస్తాయి. 1868లో న్యుమోనియా, 1876లో సిఫిలిస్ వచ్చిపడ్డాయి. 1877లో తట్టు వచ్చింది. మన పల్లెల్లో కొందరు పొంగు అని పిలిచే మీజిల్స్ జబ్బు ఇదే.

ఆదివాసుల వ్యవహారాలు చూసిన అధికారి ఎం.వి. పోర్ట్‌మన్ 1899లో వెలువడిన తన చరిత్ర గ్రంథంలో ఈ విపత్తును వర్ణించాడు. ఆయన అంచనా ప్రకారం ఆ ఒక్క వ్యాధితోనే గ్రేట్ అండమాన్ ఆదివాసుల్లో సగం మంది, బహుశా మూడింట రెండు వంతుల మంది మరణించారు. 1892లో, అప్పటికి ప్రపంచాన్ని చుట్టబెడుతున్న ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఈ దీవులకూ చేరింది. 1901 జనాభా లెక్కల్లో గ్రేట్ అండమానీలు 625 మంది మిగిలారు. 1931 నాటికి 90 మంది. 1961లో 19 మంది!

ఆ రోజుల్లో వారిని టీకాతో కాపాడగలిగేవారా అని మీకు అనుమానం రావచ్చు. 1877 నాటికి మనుషుల్లో వాడే టీకా లోకంలో ఒకటే ఉంది. అది ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో కనుగొన్న మశూచి టీకా. తట్టుకు టీకా అమెరికాలో జాన్ ఎండర్స్ బృందం కృషి ఫలితంగా 1963లో గాని అందుబాటులోకి రాలేదు. అంటే ఆ మధ్య 86 ఏళ్ల అంతరం ఉంది.

ఫారో దీవులు, ఫిజీ దీవులు

తట్టు వైరస్‌కు ఒక విచిత్రమైన బలహీనత ఉంది. ఒకసారి జబ్బు పడి కోలుకున్న మనిషిలో అది మళ్లీ కాలూనలేదు. అందువల్ల దానికి ఎప్పటికప్పుడు కొత్త మనుషులు, అంటే కొత్తగా పుట్టే పిల్లలు కావాలి. ఒక దీవిలో ఈ వైరస్ ఆరిపోకుండా నిరంతరం కొనసాగాలంటే సుమారు మూడు నుంచి అయిదు లక్షల జనాభా ఉండాలని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. చిన్న దీవుల్లో అది వచ్చి, అందరినీ తాకి, ఆరిపోతుంది. మళ్లీ ఏ ఓడ మీదో వచ్చేదాకా ఒక తరమే గడిచిపోవచ్చు.

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ 1781లో తట్టు వచ్చింది. తరువాత 65 ఏళ్లపాటు దాని జాడ లేదు. 1846లో మళ్లీ వచ్చినప్పుడు 7,782 మంది జనాభాలో సుమారు ఆరు వేల మంది జబ్బుపడ్డారు. డెన్మార్క్ ప్రభుత్వం పంపిన పీటర్ పానమ్ అనే యువ వైద్యుడు ఊరూరా తిరిగి వివరాలు సేకరించాడు. ఆయన రెండు సంగతులు కనిపెట్టాడు. రోగి దగ్గరకు వెళ్లిన రోజు నుంచి ఒంటిమీద దద్దురు కనిపించడానికి 13, 14 రోజులు పడుతుందన్నది మొదటిది. 1781లో చిన్నతనంలో తట్టు వచ్చి కోలుకున్న ముసలివారిలో ఒక్కరికి కూడా ఈసారి జబ్బు రాలేదన్నది రెండోది. అరవై అయిదేళ్ల క్రితం కలిగిన రక్షణ ఇంకా చెక్కుచెదరలేదు!

ఫారోలో జబ్బుపడిన వారిలో చనిపోయినవారు నూటికి ముగ్గురికి మించలేదు. కాని 1875లో ఫిజీ దీవుల్లో తట్టుకు సుమారు నలభై వేల మంది, అంటే జనాభాలో నాలుగింట ఒక వంతు దాకా బలయ్యారు. రెండేళ్ల తరువాత అండమాన్‌లో అంతకన్నా ఘోరం జరిగింది. జబ్బు ఒకటే అయినా ఇంత తేడా ఎందుకు? పూర్వపు జబ్బులతో కుంగిన శరీరాలు, పోషణ లోపం, వైద్యం లేకపోవడం ఇందుకు కొన్ని కారణాలు. వీటికి తోడు మరో ముఖ్యమైన కారణం ఉంది. ముసలి, పడుచు, పసిపిల్లలు అందరూ ఒకేసారి మంచం పడితే నీళ్లు తెచ్చేవారెవరు? వేటకు పోయేవారెవరు? తల్లిపాలు లేక బిడ్డ, గంజి కాచేవారు లేక తల్లి ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఇలాంటి ఉపద్రవాల్లో మామూలే. ఊళ్లో కొందరికైనా రోగనిరోధక శక్తి ఉండడం మిగిలినవారికి కూడా ప్రాణాధారమని దీన్నిబట్టి తెలుస్తుంది.

వైరస్‌కూ జ్ఞాపకానికీ పరుగు పందెం

టీకా మన శరీరానికి ఒక నకలు శత్రువును చూపిస్తుంది. దాన్ని చూసి శరీరం ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఇవి రక్తంలో కాపలా తిరిగే అణువులు. కొన్ని నెలలకు వాటి సంఖ్య తగ్గుతుంది. అలా తగ్గినంత మాత్రాన రక్షణ అంతా పోయినట్టు కాదు. జ్ఞాపక కణాలు మిగిలి ఉంటాయి. అసలు వైరస్ వచ్చినప్పుడు అవి మేల్కొని, మూడు నాలుగు రోజుల్లో మళ్లీ కొత్త ప్రతిరక్షకాలను, వైరస్ సోకిన కణాలను చంపే టి-కణాలను పెద్ద ఎత్తున తయారు చేస్తాయి.

ఇక్కడే పానమ్ లెక్కపెట్టిన రోజులు మనకు పనికివస్తాయి. తట్టు వైరస్ శ్వాసమార్గంలో ప్రవేశించి, రక్తంలో వ్యాపించి, దద్దురుగా బయటపడేసరికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా జ్ఞాపక కణాలు నిద్రలేచి పని ముగిస్తాయి. తట్టు వైరస్ రూపం పెద్దగా మార్చుకోదు కూడా. అందువల్లనే దీనికి రెండు మోతాదుల టీకా నూటికి 97 మందిలో పనిచేస్తుంది. ఆ రక్షణ చాలామందిలో జీవితాంతం నిలుస్తుంది.

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ మరీ నిదానం. అది పొదిగే కాలం నెల నుంచి ఆరు నెలలు. అండమాన్ నికోబార్ ఆదివాసుల్లో ఈ వైరస్ చాలా ఎక్కువగా ఉన్నట్టు పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు గుర్తించారు. భారత వైద్య పరిశోధన మండలి 1983లో నెలకొల్పిన కేంద్రం అది. నికోబారీలకు టీకా వేసి, రక్షణ ఎంతకాలం ఉంటుందో కూడా వారు పరిశీలించారు. రక్తంలో ప్రతిరక్షకాలు తగ్గిపోయిన తరువాత కూడా ఈ టీకా కాపాడుతుందని ప్రపంచవ్యాప్త అనుభవం చెబుతోంది. కారణం మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. జ్ఞాపక కణాలకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకాను 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన సంగతి కూడా గుర్తుంచుకోదగినదే.

ఇక కోవిడ్ సంగతి చూడండి. ఒమిక్రాన్ రకం పొదిగే కాలం దాదాపు మూడు రోజులే. జ్ఞాపక కణాలు మేల్కొనేలోగా అది ముక్కులో, గొంతులో తన సంతతిని పెంచుకుని పక్కవాడికి అంటుకుంటుంది కూడా. పైగా అది రూపం మార్చుకుంది కనుక పాత ప్రతిరక్షకాలు దాన్ని సరిగా పట్టుకోలేవు. కాబట్టి పందెం మొదటి ఘట్టంలో వైరస్‌దే గెలుపు. కాని అది ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగి ప్రాణం మీదికి తేవడానికి వారం పైనే పడుతుంది. అప్పటికి మన సేన సిద్ధంగా ఉంటుంది. రెండో ఘట్టంలో మనదే పైచేయి. టీకా వేసుకున్నవారికి జలుబు, జ్వరం రావడమూ, ప్రాణాపాయం తప్పడమూ రెండూ ఒకే కథలోని భాగాలన్నమాట.

అయితే 129 దగ్గర ఆగిన ఆ అంకెకు పూర్తి ఘనత టీకాకే కట్టబెడితే అది శాస్త్రీయం కాదు. ఒమిక్రాన్ అంతకుముందు వచ్చిన డెల్టా కన్నా కొంత తేలికపాటి జబ్బునే కలిగించింది. చాలామందికి అప్పటికే ఒకసారి కోవిడ్ వచ్చి పోయి ఉంటుంది. వీటన్నిటి ఫలితంలో టీకా ఒక ప్రధాన భాగం.

డెబ్బై శాతం అంటే ఏమిటి?

టీకా గురించి జనంలో కలిగిన దిగులులో సగం అంకెలను తప్పుగా చదవడం వల్ల వచ్చింది. కోవిషీల్డ్ మూల టీకా సామర్థ్యం 70 శాతమని 2020 డిసెంబరులో ప్రకటించారు. "అయితే నూరు మంది వేసుకుంటే ముప్పై మందికి జబ్బు వస్తుందన్నమాట" అని చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. ఆ ప్రయోగాల్లో టీకా పొందిన 5,807 మందిలో కోవిడ్ వచ్చినవారు 30 మంది. టీకా పొందని 5,829 మందిలో 101 మంది. టీకా లేకపోతే వంద మందికి రావలసిన చోట, టీకా ఉంటే ముప్పై మందికే వచ్చింది. 70 శాతం అంటే ఇదీ అర్థం. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ విషయంలో ప్రకటించిన 77.8 శాతాన్ని కూడా ఇలాగే చదవాలి.

ఇంకో చిక్కు ఉంది. ఒక ఊళ్లో వెయ్యి మంది ఉన్నారనుకోండి. 900 మంది టీకా వేసుకున్నారు, వంద మంది వేసుకోలేదు. టీకా లేనివారిలో నూటికి పదిమందికి జబ్బు ముదురుతుందనుకుందాం. టీకా ఆ ప్రమాదాన్ని 80 శాతం తగ్గిస్తుందనుకుందాం. అప్పుడు టీకా వేసుకోనివారిలో ఆసుపత్రి పాలయ్యేది పదిమంది. వేసుకున్నవారిలో నూటికి ఇద్దరు చొప్పున 18 మంది. "ఆసుపత్రిలో ఉన్నవారిలో ఎక్కువమంది టీకా వేసుకున్నవారే" అని ఎవరైనా రాస్తే అది అబద్ధం కాదు. కాని ఎంత తప్పుదారి పట్టించే నిజమో చూశారా? అర్హులందరికీ టీకా పూర్తయిన అండమాన్‌లో ఆ తరువాత జబ్బుపడిన పెద్దవారు దాదాపు అందరూ టీకా వేసుకున్నవారే అయి ఉంటారు. అది లెక్క ప్రకారం జరిగి తీరేదే.

అనుమానాలన్నీ అపోహలేనని కొట్టిపారేయడమూ సరికాదు. కోవిషీల్డ్ తరహా టీకా వేసుకున్నవారిలో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వస్తుందని 2021 ఏప్రిల్‌లో యూరపు ఔషధ సంస్థ గుర్తించింది. కొన్ని దేశాలు దాన్ని చిన్న వయసువారికి ఇవ్వడం మానుకున్నాయి. మన దేశంలో రెండు మోతాదుల మధ్య వ్యవధిని 2021లోనే రెండుసార్లు పెంచారు. 2022 జనవరి 10 నుంచి ముందుజాగ్రత్త మోతాదు మొదలైంది. కొత్త సమాచారం వచ్చినకొద్దీ నిర్ణయాలు మారాయి. జనానికి అది తడబాటుగా కనిపించింది. నిజానికి తెలిసిన దాన్నిబట్టి దిద్దుకుంటూ పోవడమే విజ్ఞానశాస్త్రం పద్ధతి. ఆ మార్పులకు కారణాలేమిటో సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పడం కూడా అంతే అవసరం.

స్ట్రెయిట్ దీవిలో ఆగస్టు నెల

2020 మార్చి చివర్లో అండమాన్‌లో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. ఆగస్టులో అందరినీ కలవరపెట్టిన వార్త వచ్చింది. గ్రేట్ అండమానీల్లో పదిమందికి వైరస్ సోకింది. వారిలో నలుగురు స్ట్రెయిట్ దీవిలో ఉండేవారు. అప్పటికి ఆ జాతి మొత్తం యాభై పైచిలుకు మంది మాత్రమే! 1877 చరిత్ర తెలిసినవారి గుండె ఝల్లుమంది. ఆనాటికి ఏ టీకా సిద్ధం కాలేదు. ఆరోగ్య సిబ్బంది దీవికి వెళ్లి పరీక్షలు జరిపారు. సోకినవారిని వేరుచేసి వైద్యం అందించారు. పదిమందీ కోలుకున్నారు.

మరుసటి ఏడాది హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన కె. తంగరాజ్, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన జ్ఞానేశ్వర్ చౌబే నాయకత్వంలో ఒక పరిశోధన వెలువడింది. 227 జనసమూహాలకు చెందిన 1,600 మందికి పైగా వ్యక్తుల జన్యు సమాచారాన్ని వారు పరిశీలించారు. చిన్న సమూహంలో తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు జరగడం వల్ల ఓంగీ, జారవా వంటి జాతుల్లో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చే జన్యు భాగాలు ఒకేలా ఉండడం ఎక్కువ. ఇలాంటి సమూహాలకు కోవిడ్ ముప్పు అధికం కావచ్చని ఆ పరిశోధన హెచ్చరించింది. ముప్పు ఉందంటే మరణం రాసిపెట్టి ఉందని కాదు. జాగ్రత్త ఎక్కడ ఎక్కువ కావాలో తెలిసిందని అర్థం.

జారవాల అనుభవం దీనికి ఉదాహరణ. 1990ల చివరలో వారు అడవి వదిలి బయటి ఊళ్లకు రావడం మొదలుపెట్టారు. 1999లో, మళ్లీ 2006లో వారిలో తట్టు ప్రబలింది. వైద్యులు వారిని ఆసుపత్రులకు చేర్చి చికిత్స చేశారు. 2001 జనాభా లెక్కల్లో జారవాలు 240 మంది, 2011లో 380 మంది. 1877 పునరావృతం కాలేదు.

సూది అందని చోట

ఇక ఉత్తర సెంటినెల్ దీవి ఉంది. అక్కడివారు బయటివారిని దగ్గరకు రానివ్వరు. 1880లో పోర్ట్‌మన్ బృందం ఆ దీవి నుంచి ఆరుగురిని బలవంతంగా పోర్ట్ బ్లెయిర్‌కు తీసుకువచ్చింది. అందరూ జబ్బుపడ్డారు. ఇద్దరు పెద్దవారు చనిపోయారు. నలుగురు పిల్లలను కానుకలతో తిరిగి దీవిలో వదిలారు. వారితోపాటు ఏ రోగం ఆ ఒడ్డుకు చేరిందో!

సెంటినెలీలకు ఎవరూ టీకా వేయలేరు. మరి వారికి రక్షణ ఏమిటి? చుట్టూ ఉన్నవారి శరీరాల్లోని రోగనిరోధక శక్తి ఒకటి, దూరం పాటించడం ఇంకొకటి. తట్టు వంటి జబ్బు విషయంలో ఇరుగుపొరుగు జనాభాలో నూటికి 95 మందికి టీకా రక్షణ ఉంటే వైరస్ ముందుకు కదలలేదు. కోవిడ్ టీకా వ్యాప్తిని అంత గట్టిగా ఆపలేదు కనుక అక్కడ దూరమే ప్రధానం. ఆదివాసుల ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా పోరాదని 1956 నుంచి ఉన్న నిబంధన ఈ విధంగా చూస్తే ఒక ఆరోగ్య సూత్రం కూడా. 2018లో ఒక విదేశీయుడు దాన్ని ఉల్లంఘించి దీవి మీద అడుగుపెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని ప్రాణం పోయిందని లోకమంతా చెప్పుకుంది. అతని శ్వాసతో ఆ దీవికి కలగగల ప్రమాదం గురించి ఆలోచించినవారు తక్కువ.

ఇకమీదట టీకా గురించిన వార్త ఏది చదివినా మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది దేనినుంచి రక్షణ ఇస్తుంది, సోకడం నుంచా, జబ్బు ముదరడం నుంచా? ఎవరితో పోల్చి చెబుతున్నారు? ఎంతకాలం? నాలుగోది, నాతోపాటు ఇంకెవరిని కాపాడుతుంది? మొదటి మూడింటికీ జవాబులు పరిశోధనశాలల నుంచి వస్తాయి. నాలుగో దానికి జవాబు మీ ఇంట్లోని పసిబిడ్డ కావచ్చు, టీకా పడని రోగి కావచ్చు, విశాఖ ఓడ దిగినవారు తిరిగే ఊళ్లకు ఆవల అడవిలో ఉన్న జారవా పిల్లవాడు కావచ్చు.